ఎదురుకోలు బండికి తేలిక ఫ్లైవీల్

మా తమ్ముడి పెళ్లి వీడియో చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు, పిల్లాడికి ఎంత వినయమో అని. ఎదురుకోలు ఊరేగింపులో బండి వెనక సీట్లో కూర్చుని నాలుగడుగులకోసారి ముందుకు వంగి దండం పెడుతున్నట్టు కనిపిస్తాడు మరి. వినయం కాదండీ. బండి ఆగిపోయినప్పుడల్లా వాడి తలపాగా వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంది. ఆ బండి నాది. నడిపింది నేను. అలా ఆగేటట్టు తయారు చేసిందీ నేనే. ఒక పెళ్లిని అతలాకుతలం చెయ్యడానికి పగవాళ్లెవరూ అక్కర్లేదు, ఇంజిన్ గురించి సగం తెలిసిన అక్క ఒకతె చాలు. ఆ సగం నాకు ఎలా తెలిసిందో, మిగతా సగం ఎవరి ముందు తెలిసిందో చెబుతాను వినండి.

నేను మణుగూరులో బొగ్గు గని వర్క్‌షాపులో పని చేస్తాను, డంపర్ల మరమ్మతు. ఇల్లంత ఎత్తున్న బండ్ల కిందికి దూరి బోల్టులు బిగించేదాన్ని కాబట్టి, నాలుగు చక్రాలున్న ఏ వస్తువు గురించైనా మా కాలనీలో చివరి మాట నాదేనని నా నమ్మకం. కాలనీ నమ్మకం ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. నాకో పాత టర్బో కారు ఉంది. టర్బో అంటే, ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చిన్న పంకా తిప్పి, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి కొట్టించే ఏర్పాటు. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నంతసేపు అది పడుకుని ఉంటుంది. కాస్త వేగం అందుకుందో, ఉలిక్కిపడి లేచి బండిని ముందుకు విసురుతుంది. ఆదివారం మధ్యాహ్నం మా నాన్న కూడా ఇంతే.

తమ్ముడు మహేందర్ బోనకల్‌లో లెక్కల పంతులు. వాడికి భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఊరి సంబంధం కుదిరింది. పిల్ల పేరు శైలజ, అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. పెళ్లి వాళ్ల ఇంటి దగ్గరే. ముహూర్తం పొద్దున పదకొండుకు. అంతకుముందు ఎదురుకోలు. అంటే పెళ్లికొడుకు బండిలో కూర్చుని డప్పుల వెనకాల ఊరేగుతూ వస్తాడు, పెళ్లికూతురి తరపు వాళ్లు షర్బత్ గ్లాసులతో ఎదురొచ్చి తీసుకెళతారు. ఇంతకీ ఆ బండి ఎవరు నడపాలి? ఇంట్లో పంచాయితీ అక్కడ మొదలైంది.

మా వంశంలో పెళ్లికొడుకులందరినీ మోసుకుపోయింది గోపయ్య మామే. ఆయన మా అమ్మకు అన్న, ఎర్రుపాలెంలో వ్యవసాయం, పెద్ద తెల్ల కారు. ఆ కారులో ఎక్కి దిగితే తప్ప పెళ్లి పెళ్లి కాదన్నట్టు ఉండేది ఆయన వాలకం.

"ఈసారి నేను నడుపుత మామా," అన్నాను.

ఆయన తాగుతున్న టీ కింద పెట్టాడు. "ఆడపిల్ల పెళ్లికొడుకు బండి నడుపుద్దా? ఏడన్నా చూశామా?"

"ఏడనో ఎందుకు, మనింట్లనే చూద్దువు."

"అక్కే నడపాలె," అన్నాడు తమ్ముడు లోపలి గదిలోంచి. "లేకుంటె నేను నడుచుకుంటనే పోత."

మా నాయనమ్మ అంతవరకు చింతపండు గింజలు తీస్తూ ఉంది. గింజలు తీస్తున్నంతసేపు ఆవిడకు అన్నీ వినబడతాయి. "నడిపితే నడుపు బిడ్డా. గానీ రెండు మాటలు చెవిలేసుకో. ఆళ్లు వచ్చి కాళ్లు కడిగిందాక పిలగాని కాలు నేల మీద పెట్టొద్దు. బండి ఒక్క అడుగు గూడ ఎనక్కి పోవద్దు."

"పోతే ఏమైతది?"

"నా పెండ్లిల మీ తాత ఎక్కిన ఎడ్ల కచ్చురం ఎనక్కి జారింది. జిందగీ అంత ఏ పని చెప్పినా ఆ మనిషి ఎనక్కే జారిండు."

ఆ ముసలావిడ అబద్ధం ఆడదు. తాతను నేను చూశాను.

గోపయ్య మామ చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. "సరే. నా బండి నీ ఎనకమాలే వస్తది. నువ్వు ఏడన్నా ఆగావో, పిల్లాడు నా బండిలోకి మారతాడు. మళ్లీ ఇంకో పెళ్లికి నువ్వు స్టీరింగ్ ఊసెత్తకూడదు." నేను ఒప్పుకున్నాను. ముహూర్తానికి తమ్ముణ్ని నిక్షేపంగా దించాలి, మామ బండి ఖాళీగా వెనకే రావాలి. నాకు కావలసింది అంతే. అది అప్పటికే నాకు దక్కినట్టే. నా బండి బంగారంలా నడుస్తోంది. దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలు.

ముట్టుకున్నాను.

క్లచ్ జారడం మొదలైంది, అది నా తప్పు కాదు. కొత్తది వేయించడానికి ఖమ్మంలో యాకూబ్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాలి. దించాక లోపల ఫ్లైవీల్ కనిపిస్తుంది. అప్పుడు నేను బండ్లున్నవాళ్ల కొంపలు ముంచే ఆ మాట అననే అన్నాను.

"ఎట్లాగూ దించినం గద భాయ్. పన్ల పని ఫ్లైవీల్ గూడ మారుద్దాం."

ఫ్లైవీల్ ఏమిటో తెలియాలంటే మా నాయనమ్మ ఇసుర్రాయి చాలు. పైరాయి బరువుగా ఉంటే తిప్పడం కష్టమే గానీ, ఒకసారి తిరిగిందంటే మన చెయ్యి కాస్త సడలినా అది ఆగదు, తన బరువుతో తనే తిరుగుతుంది. తేలిక రాయి అలా కాదు, ఇట్టే తిరుగుతుంది, చెయ్యి తియ్యగానే అట్టే ఆగుతుంది. ఇంజిన్ వెనక ఉండే ఫ్లైవీల్ ఇనుముతో చేసిన అలాంటి పైరాయి. నాకు ఈ మొదటి సగం బాగా తెలుసు. తేలికది వేస్తే ఇంజిన్ ఇట్టే వేగం అందుకుంటుంది, నిద్రపోయే నా టర్బో తొందరగా లేస్తుంది. అట్టే ఆగుతుంది అన్న రెండో సగాన్ని నేను పట్టించుకోలేదు, దాని అవసరం ఏముంది అనుకున్నాను.

యాకూబ్ భాయ్ బల్ల మీద మూడు పరిచాడు. నేను సంతలో పుచ్చకాయలు చూసినట్టు ఒక్కొక్కటీ ఎత్తి చూశాను.

"గిది నీ పాతది, పది కిలోలు. గిది ఏడు. గిది నాలుగున్నర," అన్నాడు. "ఏడుది ఏసుకుంటె నడిమధ్యల ఉంటది."

"నడిమధ్యల ఉండనీకి మణుగూరు నుంచి ఇంత దూరం వచ్చిన్నా భాయ్?"

ఆయన కళ్లలో కూడా నా పిచ్చే కనిపించింది. "నాలుగున్నర అంటే జబర్దస్త్ ఉంటది మేడమ్. నేను గూడ ఇప్పటిదాక ఎవ్వలకూ ఎయ్యలే. ఎట్ల ఉంటదో సూడాలనుంది."

"ఏద్దామా మరి?"

"ఏద్దాం."

ఇద్దరు పెద్దమనుషులు, ఒక్క తెలివైనవాడు లేడు. టర్బో ఎప్పుడు లేస్తుంది, లారీని దాటేటప్పుడు ఎలా లాగుతుంది, మలుపుల దగ్గర గేరు ఎలా పడుతుంది, అన్నీ చేతులు తిప్పుతూ గంటసేపు మాట్లాడుకున్నాం. డప్పులవాళ్ల వెనకాల ఎలా నడుస్తుంది అన్న ప్రశ్న మాత్రం ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. షెడ్డులోంచి బయటికి తీస్తుంటే బండి రెండుసార్లు ఆగిపోయింది. "కొత్తది గద, సెట్ అయితది," అన్నాడు భాయ్. "కొత్తది గద," అన్నాను నేను. ఆ తర్వాత కొత్తగూడెం రోడ్డెక్కాక అది పరిగెత్తిన తీరు చూసి నాలో నేనే పాటలు పాడుకున్నాను.

పాత ఫ్లైవీల్‌ను డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇదేందే, గింత బరువున్నది?"

"ఇంజిన్‌ది. ఇగ పనికి రాదు."

"ఎందుకు రాదు. నా కాడ ఉండనీ."

మా కాలనీ కోతులకు తాళం తప్ప అన్నీ తీయడం వచ్చు. అమ్మ అప్పుడే ఆవకాయ పెట్టింది, జాడీ వెనక వరండాలో ఉంది. మూత మీద ఫ్లైవీల్ పడింది. ఆ రోజంతా ఒక పెద్ద కోతి వచ్చి దాన్ని ముందునుంచి, వెనకనుంచి, పైనుంచి లాగి చూసి, అమ్మ వైపు కోపంగా చూసి వెళ్లిపోయింది. మా ఇంట్లో నా చదువు వల్ల జరిగిన మొదటి మేలు ఇదేనని అమ్మ ఇరుగు పొరుగుకు చెప్పుకుంది.

పెళ్లి రోజు పొద్దున్నే బయల్దేరాం. బండికి బంతిపూల దండలు, తమ్ముడికి బాసికం, పెద్ద తలపాగా, పక్కన నాయనమ్మ. గోదావరి వంతెన మీద బండి అలా జారిపోతుంటే అద్దంలో గోపయ్య మామ కారు చిన్న చుక్కలా కనిపించింది. "అక్కా, బండి మస్తున్నది," అన్నాడు తమ్ముడు. నా జీవితంలో నేను అంత గర్వపడిన అరగంట ఇంకొకటి లేదు.

ఊరి మొదట్లో డప్పులవాళ్లు కలిశారు. వాళ్ల ముందు మా చుట్టాలు చిందులేస్తూ ఎగరడం మొదలుపెట్టారు. ఇక బండి వాళ్ల వెనకాల నడవాలి. నడవడం అంటే మనిషి నడక కూడా కాదు, ఎగిరే మనిషి నడక. రెండడుగులు ముందుకు, అక్కడే ఒక చుట్టు, మళ్లీ ఒక అడుగు. నేను క్లచ్ మెల్లగా వదిలాను. బండి ఒక్కసారి ఊగి ఆగిపోయింది. తమ్ముడి మొదటి దండం అప్పుడు పడింది.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. కొత్తది గద."

మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగింది. పాతది ఉన్నప్పుడైతే ఆ పది కిలోల ఇనుము తన ఊపుతో తనే బండిని నాలుగడుగులు నెట్టేది. ఇప్పుడు అది లేదు, కింది వేగంలో టర్బో ఎట్లాగూ లేవదు, ఇంజిన్‌కు సాయం చేసే నాథుడు లేడు. పోనీ ఆగకుండా ఉంటుందని కొంచెం ఎక్కువ యాక్సిలరేటర్ ఇచ్చాను. టర్బో లేచింది. బండి డప్పుల మధ్యలోకి దూకింది. మా చిన్నాయన ఒకాయన ఎగురుతూ ఎగురుతూ నిజంగానే ఎగిరి పక్కనున్న గడ్డివాము మీద పడ్డాడు. నేను బ్రేకు కొట్టాను, బండి ఆగింది, దండం పడింది. డప్పులవాళ్లు ఇదో కొత్త రకం ఆట అనుకున్నట్టున్నారు, బండి ఆగినప్పుడల్లా దెబ్బ మార్చడం మొదలుపెట్టారు. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు, "పిలగాని బండి గూడ మంచిగ ఎగురుతున్నదే," అనుకోవడం నాకు వినపడింది.

డంపర్లు నడిపి చూసినదాన్ని, ఇంత చిన్న బండి లొంగదా అనుకుంటూనే ఉన్నాను. మా డంపర్లకు అసలు క్లచ్ పెడలే ఉండదన్న సంగతి సరిగ్గా అప్పుడు గుర్తుకొచ్చింది.

క్లచ్ మాడిన వాసన లోపలికి కొట్టింది. నాయనమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏందే బిడ్డా, సాంబ్రాణి గిట్ల ఉన్నది?" అంది. "కొత్త రకం నాయనమ్మా," అన్నాను. అప్పటికి గోపయ్య మామ తన బండి దిగి నా కిటికీ పక్కకు వచ్చేశాడు.

శైలజ వాళ్ల ఇల్లు ఒక దిబ్బ మీద ఉంది. పందిట్లోకి బండి ఎక్కడానికి కొత్తగా ఎర్రమొరం పోసి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లారు. ఆ ఎక్కుడు మొదట్లో నా బండి ఆఖరిసారి ఊగి ఆగింది. చెయ్యి బ్రేకు గట్టిగా లాగి పట్టుకున్నాను. మళ్లీ స్టార్ట్ చేసి బ్రేకు వదులు చేశాను గానీ, క్లచ్ పూర్తిగా మాడిపోయింది, ఇంజిన్ మోతే తప్ప బండి కదల్లేదు, మళ్లీ బ్రేకు లాగాను. పందిట్లోంచి పంతులుగారు మైకులో అన్నారు, "ముహూర్తం దగ్గర పడుతోంది, పెళ్లికొడుకును తొందరగా తీసుకురండి." పెళ్లికొడుకు నా వెనకే ఉన్నాడు. తీసుకురావడమే నా వల్ల కావడం లేదు.

"దిగరా అబ్బాయ్, నా బండెక్కు," అన్నాడు మామ.

"కాలు కింద పెట్టొద్దు," అంది నాయనమ్మ.

"అయితే ఎత్తుకొని మారుద్దాం."

నలుగురు ముందుకొచ్చారు, మా తమ్ముణ్ని కిందినుంచి పైదాకా చూశారు, నలుగురూ వెనక్కి తగ్గారు. వాడి బరువు ఎంతో నేను చెప్పను, ఈ కథలో ఇప్పటికే చాలా బరువులున్నాయి.

"నూకుదాం అయితే," అన్నారెవరో. అందరూ బాగానే ఉందన్నారు గానీ ఎవరూ కదల్లేదు. అందరివీ తెల్లపంచెలు, కింద ఎర్రటి బురద. ఒకరు గేరు మార్చమన్నారు, ఒకరు బానెట్ ఎత్తమన్నారు, ఇంకొకరు డీజిల్ ఉందా అని అడిగారు. నా బండిది పెట్రోలు. నాకు ఏడుపొచ్చింది. నవ్వొచ్చేటట్టు చెబుతున్నాను గానీ, ఆ నిమిషంలో నిజంగా స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడవాలనిపించింది. వాడు నన్ను నమ్మి ఎక్కాడు.

అప్పుడు పందిట్లోంచి ఒక గొంతు వినపడింది. "ఏమైంది, బండి ఎందుకు ఆగింది?"

శైలజ. పూలజడ, పసుపు బట్టలు, చేతుల నిండా గాజులు. ఆవిడ వెనక ఇద్దరు పిన్నమ్మలు పరిగెత్తుకొస్తున్నారు. "ఆగవే, తెర తియ్యకముందే పిలగాని ముఖం చూడొద్దు."

"నేను ముఖం చూస్తలేను పిన్నీ. ఎనక నుంచి పోత." మొరం మీదుగా చుట్టు తిరిగి బండి వెనకాలకు వచ్చి, కొంగు నడుముకు దోపింది. "వదినా, న్యూట్రల్ చెయ్. నేను చెప్పినంక బ్రేక్ తియ్. స్టీరింగ్ సక్కగ పట్టుకుంటె చాలు."

పెళ్లి కాకముందే ఆమె నన్ను వదినా అంది. ఆ బురదలో, ఆ వాసనలో, అంతకంటే మంచి మాట నేను వినలేదు.

నాయనమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఎనక్కి జారదు గద బిడ్డా?"

"జారదు అమ్మమ్మా. వానకాలంల అంబులెన్స్‌నే వాగు ఎక్కిచ్చినం. ఇదెంత."

పెళ్లికూతురు చెయ్యి వేశాక ఇక తెల్లపంచెలకు దారేముంది. ముందుగా ఆమె నాన్న, ఆ వెనక మా చిన్నాయన గడ్డిపోచలతో సహా, డప్పులు పక్కనబెట్టి డప్పులవాళ్లు, చివరికి అందరినీ తోసుకుంటూ గోపయ్య మామ వచ్చారు. "ఊ, ఇప్పుడు తియ్," అంది శైలజ. నేను బ్రేకు తీశాను. బండి ఒక్క క్షణం తటపటాయించి ముందుకే కదిలింది.

"అక్కా, ఎవలు నూకుతున్నరు?" అన్నాడు తమ్ముడు.

"చుట్టాలు. నువ్వు ఎనక్కి తిరగకు."

"గాజుల సప్పుడు వస్తంది."

"చుట్టాలల్ల గాజులేసుకున్నోళ్లు ఉండరా? ముందటికి చూడు." అద్దంలో వాడికి ఆమె కనిపిస్తుందేమోనని అద్దాన్ని పైకి తిప్పేశాను. వాడు ముందుకే చూస్తూ కూర్చున్నాడు, పెదాలు మాత్రం చెవుల దాకా సాగాయి. వీడియోలో అది కూడా ఉంది.

బండి పందిట్లోకి చేరింది. శైలజ వచ్చినంత వేగంగా లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని పీటల మీద కూర్చుంది. వాళ్లవాళ్లు మా తమ్ముడి కాళ్లు కడిగారు, వాడి కాలు అప్పుడే నేల మీద పడింది. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టారు. నాయనమ్మ షర్బత్ తాగుతూ తీర్పు చెప్పింది. "ఎనక్కి పోలే. మనింటి బండిని ముందటికి నూకే పిల్ల దొరికింది. ఇంకేం గావాలె." గోపయ్య మామ తన పంచె మీది ఎర్ర మరకలు చూసుకుంటూ, "నా బండికి ఇంత సందడి ఎప్పుడూ రాలేదే అమ్మాయ్," అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పుడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ వచ్చే వేసవిలో తన కొడుకు పెళ్లికి బండి నన్నే నడపమన్నాడు. పాత చక్రం ఏదో ఉందట కదా, అది వేసుకుని రమ్మన్నాడు.

బండిని లారీ మీద ఖమ్మం పంపించి, నేను ఇంటికొచ్చి జాడీ దగ్గర నిలబడ్డాను.

"అమ్మా, అది ఇయ్యవా?"

"పనికి రాదంటివి గద."

"వస్తది."

"మరి జాడీ మీద ఏం పెట్టాలె?"

యాకూబ్ భాయ్ కొత్త క్లచ్‌తో పాటు పాత ఫ్లైవీల్‌ను బిగించాడు. "మేడమ్, గిదేంది, ఆవపిండి వాసన?" అని మాత్రం అడిగాడు. నాలుగున్నర కిలోలది తెచ్చి జాడీ మీద పెట్టాను. వస్తువును వృథా చెయ్యకూడదు కదా.

తెల్లారి అమ్మ కేక విని వరండాలోకి పరిగెత్తాను. పెద్ద కోతి జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కారానికి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెడుతోంది. ఫ్లైవీల్ వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మీద ఇంకా దొర్లుతూ పోతోంది. ఖమ్మంలో గంటసేపు నేను దాని గురించి చెప్పినవన్నీ అక్షరాలా నిజమేనని ఆ కోతి రుజువు చేసింది. ఇట్టే కదిలింది, ఇట్టే వేగం అందుకుంది.

అందుచేత, ఖాళీ జాడీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బండికి ఏ బరువు వెయ్యాలన్నా ముందు డప్పులవాళ్లను అడుగుతాను, తర్వాత మా అమ్మను అడుగుతాను, ఇద్దరూ సరేనన్నాక కోతికి ఒకసారి చూపిస్తాను. అప్పటికీ బండి ఆగితే, వెనక నూకడానికి మా మరదలు ఉంది.